విదేశాల్లో ఉంటూ రిమోట్ పని: హైదరాబాద్ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మూడేళ్ళుగా ఏడాదిలో కొన్ని నెలలు బయటి దేశాల్లో కూర్చుని పని చేస్తున్నాను. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో, మలేషియా రాజధాని కౌలాలంపూర్‌లో నెలల తరబడి ఉన్నాను. దుబాయ్‌లో కొన్ని వారాలే. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కి సెలవు పెట్టి వెళ్ళి చూసొచ్చాను. మియాపూర్ ఇంటికి వచ్చిన ప్రతిసారీ బంధువులు, పాత ఆఫీసు వాళ్ళు, ఒక్కోసారి లిఫ్ట్‌లో కలిసినవాళ్ళు కూడా ఇవే ప్రశ్నలు అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వీసా నిబంధనలు తరచూ మారతాయి కాబట్టి టికెట్ కొనే ముందు ఆ దేశపు అధికారిక సైట్ ఒకసారి చూసుకోండి.

ఊళ్ళను పోల్చేటప్పుడు ముందు ఏం చూడాలి? అద్దెనా?

కాదు, గడియారం. అందరూ అద్దె, ఇంటర్నెట్ స్పీడ్, బీచ్ ఫోటోలు చూసి ఊరు ఎంచుకుంటారు. అక్కడికి వెళ్ళాక మూడో వారంలో నిద్ర కరువై అసలు సంగతి తెలుస్తుంది. మీ మీటింగులు ఎవరితో, ఏ వేళల్లో అన్నదాన్ని బట్టే మీకు ఏ ఊరు సరిపోతుందో తేలుతుంది.

న్యూయార్క్ టైమ్‌లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా పని చేసే టీమ్ అనుకుందాం. ఎండాకాలంలో అది హైదరాబాద్‌లో సాయంత్రం 6:30 నుంచి రాత్రి 2:30. ఈ షిఫ్ట్ బాధ మనకి కొత్త కాదు, రాయదుర్గం క్యాబ్ డ్రైవర్లని అడిగినా చెప్తారు. చియాంగ్ మాయ్ వెళ్తే అదే షిఫ్ట్ రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 4 దాకా అవుతుంది. కౌలాలంపూర్‌లో అయితే రాత్రి 9కి మొదలై 5కి అవుతుంది. అంటే తూర్పుకి జరిగేకొద్దీ అమెరికా పని ఇంకా కష్టం. దుబాయ్‌లో సాయంత్రం 5కి మొదలుపెట్టి ఒంటిగంటకి పడుకోవచ్చు. లిస్బన్‌లో మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10. చలికాలం అమెరికా గడియారం ఒక గంట వెనక్కి జరుపుకుంటుంది కాబట్టి మనకీ, థాయ్‌లాండ్‌కీ, మలేషియాకీ, దుబాయ్‌కీ ఇంకో గంట ఆలస్యం. యూరప్ వాళ్ళూ జరుపుకుంటారు కాబట్టి లిస్బన్‌కి దాదాపు ఏడాదంతా ఒకటే లెక్క.

మీ టీమ్ హైదరాబాద్‌లోనే ఉంటే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఇక్కడి పది నుంచి ఏడు అంటే కౌలాలంపూర్‌లో మధ్యాహ్నం 12:30 నుంచి రాత్రి 9:30. పొద్దున్నంతా మీదే. మార్కెట్‌కి వెళ్ళొచ్చు, ఈత కొట్టొచ్చు, తాపీగా వంట చేసుకోవచ్చు. నేను ఆ ఊళ్ళో అంత సుఖంగా ఉండటానికి కారణం పెట్రోనాస్ టవర్లు కాదు, ఖాళీగా దొరికిన ఆ ఉదయాలు. అదే టీమ్‌తో చలికాలం లిస్బన్‌లో ఉంటే తెల్లవారుజామున 4:30కి స్టాండప్ కాల్, అంటే టీమ్ రోజువారీ మీటింగ్. ఒక వారం చేయగలరేమో.

లండన్ క్లయింట్లు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. వాళ్ళకి పైన చెప్పిన ఆసియా ఊళ్ళలో ఏదైనా సరిపోతుంది.

కంపెనీకి చెప్పకుండా వెళ్ళొచ్చా?

వద్దు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పని చేసే నా స్నేహితుడు ఒకడు ఇంటి నుంచి పని అని చెప్పి బ్యాంకాక్ వెళ్ళాడు. రెండో రోజే అకౌంట్ లాక్ అయింది. సెక్యూరిటీ టీమ్ ఫోన్ చేసి ‘మీరు ఎక్కడున్నారు?’ అని అడిగితే ‘నల్లగండ్ల’ అన్నాడట. వాడు లాగిన్ అయిన దేశం పేరు వాళ్ళ స్క్రీన్ మీదే ఉంది. ఉద్యోగం పోలేదు గానీ ఆ ఏడాది ప్రమోషన్ పోయింది.

ఇది మేనేజర్ మొండితనం మాత్రమే అనుకోకండి. మీరు వేరే దేశంలో ఎక్కువ కాలం కూర్చుని పని చేస్తే అక్కడ తమకి వ్యాపార స్థావరం ఉన్నట్టు ఆ దేశపు పన్ను శాఖ లెక్క కడుతుందేమోనని కంపెనీలకి భయం. బ్యాంకు, హాస్పిటల్ డేటా మీద పని చేసేవాళ్ళకయితే డేటా దేశం దాటకూడదని క్లయింట్ ఒప్పందంలోనే రాసి ఉండొచ్చు. కంపెనీ సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) ఉంటే ల్యాప్‌టాప్ మీద కస్టమ్స్ మినహాయింపు షరతులు కూడా ఉండే అవకాశం ఉంది. హెచ్‌ఆర్ దగ్గర రాతపూర్వకంగా, ఏ దేశం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని అనుమతి తీసుకోండి. ‘మేనేజర్ సరే అన్నాడు’ అన్నది అనుమతి కాదు. మేనేజర్లు మారిపోతారు.

టూరిస్ట్ వీసా మీద వెళ్ళి హోటల్ గదిలో పని చేసుకుంటే ఎవరికి తెలుస్తుంది?

చాలామంది అదే చేస్తున్నారు, నిజమే. కానీ టూరిస్ట్ ప్రవేశం పర్యటనకి మాత్రమే. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ‘ఏం పని మీద వచ్చారు’ అని అడిగితే అక్కడి నుంచే అబద్ధం మొదలవుతుంది. మన పాస్‌పోర్టుని ఎలాగూ రెండుసార్లు తిప్పి చూస్తారు. రెండు వారాల సెలవులో నాలుగు మెయిల్స్‌కి జవాబివ్వడం వేరు, ఆరు నెలలు కాపురం పెట్టడం వేరు.

మరి అక్కడ ఉండి బయటి కంపెనీకి పని చేసుకునే రిమోట్ వీసా మన పాస్‌పోర్టుకి ఏ దేశాలు ఇస్తున్నాయి?

ఇంటర్నెట్‌లో కనిపించే ‘యాభై దేశాల’ జాబితాల్లో సగం మనకి పనికిరావు. జపాన్ 2024లో ఆరు నెలల డిజిటల్ నోమాడ్ వీసా (రిమోట్ వీసాకే ఇంకో పేరు) మొదలుపెట్టింది. అర్హత ఉన్న దేశాల జాబితాలో భారత్ లేదు. జార్జియాలో ఏడాదిపాటు వీసా లేకుండా ఉండొచ్చని యూట్యూబ్‌లో తెగ చెప్తారు. ఆ సదుపాయం కూడా మన పాస్‌పోర్టుకి లేదు. చూసేటప్పుడు చెప్పేవాడి పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు చూడండి.

మనకి నిజంగా అందుబాటులో ఉన్నవాటిలో నాకు నచ్చింది థాయ్‌లాండ్ వాళ్ళ డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా). 2024 జూలైలో వచ్చింది. అయిదేళ్ళు చెల్లుతుంది. ఎన్నిసార్లయినా వెళ్ళి రావచ్చు. వెళ్ళిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. అకౌంట్‌లో 5 లక్షల బాత్ చూపించాలి, అంటే మన డబ్బుల్లో పదమూడు లక్షల పైమాటే. పనిచేసేది థాయ్ కంపెనీకి కాకూడదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, థాయ్‌లాండ్ బయట ఉండి చేయాలి.

మలేషియాది డీఈ రంటావ్. 2022 అక్టోబర్‌లో మొదలైంది. మూడు నుంచి పన్నెండు నెలలు ఇస్తారు, ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. ఐటీ వాళ్ళకి ఏడాదికి 24,000 డాలర్ల పైన ఆదాయం ఉండాలి. ఇతర వృత్తులవాళ్ళకి 60,000. గచ్చిబౌలిలో ఏడెనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి మొదటి లెక్క అందనంత దూరమేమీ కాదు. భార్యాభర్తలు, పిల్లలు కూడా వెళ్ళొచ్చు.

దుబాయ్ ఏడాది రిమోట్ వీసాకి నెలకి 3,500 డాలర్ల ఆదాయం చూపించాలి. బాలి వెళ్దామనుకునేవాళ్ళకి ఇండోనేషియా ఏడాదికి 60,000 డాలర్లు అడుగుతుంది. ఆ డబ్బు వచ్చేవాళ్ళు ఈ పేజీ చదవరనుకుంటా. పోర్చుగల్ డీ8 వీసాకి అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం ఉండాలి. 2025లో అది నెలకి 3,480 యూరోలు. కనీస వేతనం పెరిగినప్పుడల్లా ఇదీ పెరుగుతుంది.

ఖర్చులు పోల్చే సైట్లని నమ్మొచ్చా?

సగం నమ్మండి. నంబియో లాంటి సైట్లలో అంకెలు జనం నింపేవే. సమస్య ఏంటంటే వాళ్ళు ధరలు లెక్కగట్టే బుట్టలో ఉన్న సరుకులు మన ఇంట్లో వాడేవి కావు. చికెన్ బ్రెస్ట్, చీజ్, వైన్ ధర చూసి మన నెల ఖర్చు ఎలా తేలుతుంది? మీ బుట్ట మీరే రాసుకోండి. అయిదు కిలోల బియ్యం, కందిపప్పు, పెరుగు, నూనె, కరివేపాకు, వారానికి రెండుసార్లు బయట భోజనం, నెలకోసారి బిర్యానీ. అక్కడి ఆన్‌లైన్ కిరాణా సైట్‌లో ఈ ధరలు వెతికితే అరగంట పని. నేను అలా చూసుకుంటే పప్పూ బియ్యం ఖర్చు ఎక్కడా పెద్ద తేడా రాలేదు. పెరుగు మాత్రం థాయ్‌లాండ్‌లో గుండె గుభేలుమనిపించింది. పాలు కొని తోడు పెట్టుకున్నాను.

ఇంకో పొరపాటు: హైదరాబాద్ అద్దెని లెక్కలోంచి తీసేయడం. ఇక్కడి ఇల్లు ఖాళీ చేయకుండా వెళ్తే రెండు అద్దెలు, రెండు మెయింటెనెన్సులు. సొంత ఫ్లాట్ అయితే ఈఎంఐ ఆగదు. నాలుగు నెలలకంటే తక్కువ వెళ్తే చవకైన ఊరు కూడా చవక కాదు, ఇది నా జేబు చెప్పిన మాట.

చియాంగ్ మాయ్, కౌలాలంపూర్‌లలో ఏది మేలు?

ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి, తొందరగా స్నేహాలు కావాలనుకునేవాళ్ళకి చియాంగ్ మాయ్. అక్కడి నిమ్మన్ పేట వీధుల్లో ఏ కాఫీ షాపులో చూసినా ల్యాప్‌టాప్ ముందు ఎవరో ఒకరు ఉంటారు. అద్దె తక్కువ, వైఫై బాగుంటుంది, జనం నెమ్మది. కానీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వెళ్ళకండి. పంట వ్యర్థాలు, అడవులు తగలబడి, చుట్టూ కొండలు ఉండటంతో పొగ లోయలోనే నిలిచిపోతుంది. ఆ రోజుల్లో ప్రపంచంలో గాలి అతి చెడ్డగా ఉన్న నగరాల్లో ఆ ఊరి పేరు కనిపిస్తుంది. నేను మార్చిలో అద్దె కట్టి, గదిలో ఎయిర్ ప్యూరిఫయర్ పక్కన కూర్చుని, కిటికీలోంచి కనిపించని దోయ్ సుతెప్ కొండ వైపు చూస్తూ గడిపాను. నవంబర్, డిసెంబర్ నెలలు మాత్రం అక్కడ బంగారం.

కుటుంబంతో వెళ్తే కౌలాలంపూర్. ఇంగ్లీష్ నడుస్తుంది. మలయ్ భాషని రోమన్ లిపిలో రాస్తారు కాబట్టి బోర్డులు చదువుకోవచ్చు. థాయ్ లిపి ముందు మనం నిరక్షరాస్యులమే. మెట్రో ఉంది, మనవాళ్ళ దుకాణాలుండే బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో మల్లెపూల దండల నుంచి స్టీలు గిన్నెల దాకా దొరుకుతాయి. అరిటాకు భోజనం ఊరంతా ఉంటుంది. బ్రిటిష్ కాలంలో తోటల్లో పనికి వెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. ఒక గుడిలో పెద్దాయన ‘మీది యే వూరు?’ అని అడిగిన తెలుగు వింటే మా తాతమ్మ గుర్తొచ్చింది. ఇబ్బందులూ ఉన్నాయి. వాన ఏడాది పొడుగునా పడుతుంది, గోడలకి బూజు. అద్దెకి రెండు నెలల డిపాజిట్‌తో పాటు కరెంటు, నీళ్ళ డిపాజిట్ విడిగా అడుగుతారు.

థాయ్‌లాండ్‌లో ఇంకో చిన్న చిక్కు. మీరు దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని టీఎమ్ 30 అనే సమాచారం ఇమిగ్రేషన్‌కి ఇవ్వాలి. వరసగా 90 రోజులు ఉంటే మీరు చిరునామా రిపోర్ట్ చేయాలి. యజమాని టీఎమ్ 30 పెట్టనంటే ఆ ఇల్లు తీసుకోకండి.

దుబాయ్‌లో పన్ను లేదు కదా, అక్కడికే వెళ్ళిపోతే?

అక్కడ జీతం మీద పన్ను లేదు, సరే. మిగిలే ఆ డబ్బు అద్దెకి పోతుందా లేదా అన్నది లెక్క వేసుకోండి. ఏడాది అద్దెకి ముందే తేదీలు వేసిన చెక్కులు అడగడం, ఎజారీ అనే ప్రభుత్వ అద్దె రిజిస్టర్‌లో ఒప్పందం నమోదు చేయడం అక్కడి పద్ధతి. కొన్ని నెలలకే అయితే సామానుతో ఉన్న గదులు తీసుకోవాలి, అవి ఖరీదు. వాట్సాప్ కాల్స్ మామూలుగా పనిచేయవు. టీమ్స్, జూమ్ పనిచేస్తాయి. అమ్మకి వాట్సాప్ వీడియో కాల్ తప్ప ఇంకోటి రాకపోతే, బయలుదేరే ముందే ఆవిడ ఫోన్‌లో అక్కడ నడిచే యాప్ పెట్టి నేర్పించి వెళ్ళండి. వీపీఎన్‌తో (మనం ఏ దేశంలో ఉన్నామో దాచే యాప్‌తో) దొడ్డిదారిన చేద్దామనుకోవద్దు, అక్కడి చట్టం గట్టిది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఎండ మన మే నెలని మరిపిస్తుంది.

మంచి సంగతులు: హైదరాబాద్ నుంచి నాలుగు గంటల ప్రయాణం, మనవాళ్ళు ఎక్కువగా ఉండే కరామా పేటలో మన సరుకులన్నీ దొరుకుతాయి, హైదరాబాద్‌లోనే యూఏఈ కాన్సులేట్ ఉంది.

లిస్బన్?

నగరం అందమైనదే. అద్దెలు మాత్రం అక్కడివాళ్ళకే అందడం లేదు. కొత్తగా వచ్చేవాళ్ళకి పాత పన్ను రాయితీ 2024 నుంచి లేదు. నివాస అనుమతుల కార్యాలయంలో ఆలస్యాలు మామూలు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: చాలా పాత ఇళ్ళలో హీటింగ్ ఉండదు. జనవరిలో బయటకంటే ఇంట్లో చలి ఎక్కువ, రెండు దుప్పట్ల కింద వణికాను. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. యూరప్‌లో స్థిరపడే ఆలోచన ఉంటేనే ఈ తంటా.

182 రోజులు బయట ఉంటే ఇండియాలో పన్ను కట్టక్కర్లేదంట, నిజమేనా?

ఈ ఒక్క మాట వల్ల ఎంతమంది ఇరుక్కున్నారో. చట్టంలో రెండు కొలతలున్నాయి. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు, అంతకంటే ఎక్కువ ఇండియాలో ఉంటే మీరు రెసిడెంట్. అది కాకపోయినా, ఆ ఏడాది 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్ళలో మొత్తం 365 రోజులు ఇక్కడ ఉన్నా రెసిడెంటే. ఇప్పుడు లెక్క చూడండి. ఎనిమిది నెలలు చియాంగ్ మాయ్‌లో ఉండి నాలుగు నెలలు మియాపూర్‌లో ఉన్నారు. ఇక్కడ 120 రోజులు. ముందు నాలుగేళ్ళూ హైదరాబాద్‌లోనే ఉన్నారు. రెండో కొలత ప్రకారం మీరు రెసిడెంట్, మీ ప్రపంచ ఆదాయం మొత్తం ఇక్కడ పన్నుకి వస్తుంది.

విదేశంలో ఉద్యోగం కోసం దేశం వదిలిన పౌరులకి ఆ 60 బదులు 182 వర్తిస్తుంది. హైదరాబాద్ కంపెనీ జీతం తీసుకుంటూ థాయ్‌లాండ్‌లో కూర్చోవడం ‘విదేశంలో ఉద్యోగం’ కిందికి వస్తుందా అన్నదే పేచీ. దీనికి సీఏ దగ్గర రాసి ఇచ్చిన అభిప్రాయం తీసుకోండి, ఫోన్‌లో అడిగి వదిలేయకండి. పైగా నాన్ రెసిడెంట్ అయినా ఇండియాలో అందుకున్న ఆదాయం మీద ఇక్కడ పన్ను ఉంటుంది.

అవతలి వైపు కూడా ఒక గడియారం నడుస్తుంది. థాయ్‌లాండ్‌లో క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు ఉంటే అక్కడి పన్ను రెసిడెంట్. 2024 నుంచి బయటి ఆదాయాన్ని ఆ దేశంలోకి తెచ్చుకుంటే పన్ను లెక్కలోకి వస్తుంది. మలేషియాలో 182 రోజులు. ఈ దేశాలతో మనకి రెండుసార్లు పన్ను పడకుండా ఒప్పందాలున్నాయి. కానీ అవి వాటంతటవే పనిచేయవు, అక్కడ కట్టిన రసీదులు పెట్టి ఇక్కడ క్లెయిమ్ చేసుకోవాలి. నేను పాస్‌పోర్టులో పడిన ప్రతి స్టాంపూ ఫోటో తీసి, రోజులు ఒక షీట్‌లో రాసుకుంటాను. ఇదొక్కటే నాకున్న క్రమశిక్షణ.

తెలుగువాళ్ళు ఉన్న, ఎవరూ పెద్దగా చెప్పని ఊరేదైనా ఉందా?

మారిషస్. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే దేశం అది. ప్రీమియం వీసా ఏడాదికి ఇస్తారు, నెలకి 1,500 డాలర్ల ఆదాయం చాలు. టైమ్ మనకంటే గంటన్నర వెనక, దుబాయ్‌తో సమానం. యూపీఐ కూడా 2024లో అక్కడ మొదలైంది. దూరం ఎక్కువ, దీవి చిన్నది, సరుకులు చాలావరకు దిగుమతే. నేను ఇంకా వెళ్ళలేదు. ఈసారి ఉగాదికి అనుకుంటున్నాను.

మేం శాకాహారులం. బతకగలమా?

దుబాయ్, కౌలాలంపూర్‌లలో హాయిగా. థాయ్‌లాండ్‌లో కూరగాయల వంటలోనూ చేపల సాస్ పడుతుంది. ‘జే’ (శుద్ధ శాకాహారం) అని అడగండి, పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న హోటళ్ళు వెతకండి. వాటిలో వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు, మా అత్తయ్యకి తెగ నచ్చింది.

పిల్లల స్కూలు?

దుబాయ్‌లో సీబీఎస్‌ఈ స్కూళ్ళు చాలా ఉన్నాయి. మిగతా ఊళ్ళలో ఎక్కువగా ఇంటర్నేషనల్ స్కూలే దిక్కు, ఆ ఫీజు మీ అద్దెని దాటిపోవచ్చు. ఆరో తరగతి దాటిన పిల్లల్ని ఏడాది మధ్యలో కదిలించడం నేనైతే చేయను.

అమ్మానాన్నలు ఇక్కడ ఒంటరిగా ఉన్నారు. ఎలా?

నన్ను ఎక్కువమంది గొంతు తగ్గించి అడిగేది ఇదే. నాన్నకి ఒకరోజు రాత్రి గుండెలో మంట అని ఫోన్ వచ్చింది. నేను కౌలాలంపూర్‌లో ఉన్నాను. పక్క ఫ్లాట్ అంకుల్ ఆస్పత్రికి తీసుకెళ్ళారు, మర్నాడు మధ్యాహ్నానికి నేను చేరాను. గ్యాసే అని తేలింది. కానీ ఆ విమానంలో నాలుగు గంటలు మర్చిపోలేను. అప్పటి నుంచి నా నియమం: హైదరాబాద్‌కి నేరుగా విమానం ఉన్న ఊళ్ళలోనే ఉంటాను, అత్యవసర టికెట్ డబ్బు విడిగా పెడతాను. పక్కింటివాళ్ళ దగ్గర తాళం, ఆస్పత్రి ఫైలు, ఇన్సూరెన్స్ కార్డు కాపీ ఉంటాయి. లిస్బన్ నా జాబితాలోంచి పోవడానికి చలి కంటే ఇదే పెద్ద కారణం.

ఇన్సూరెన్స్, మందులు?

మన ఆరోగ్య పాలసీల్లో చాలావాటికి దేశం బయట విలువ లేదు. ట్రావెల్ పాలసీకి రోజుల పరిమితి ఉంటుంది, ముందే ఉన్న జబ్బులకి వర్తిస్తుందో లేదో చదవండి. బీపీ, షుగర్ మందులు తీసుకెళ్ళేవాళ్ళు ప్రిస్క్రిప్షన్ మీద బ్రాండ్ పేరుతో పాటు మందు అసలు పేరు రాయించుకోండి. దుబాయ్‌కి కోడీన్, ట్రమడాల్ ఉన్న మందులు అనుమతి లేకుండా తీసుకెళ్ళొద్దు. దగ్గు మందు సీసా మీద ఏం రాసుందో కూడా చూడండి.

బ్యాంకు ఓటీపీలు వస్తాయా?

ఇండియా సిమ్‌లో రోమింగ్ ఆన్ చేసి, రీఛార్జ్ గడువు అయిపోకుండా చూసుకుంటే వస్తాయి. బయలుదేరే ముందు ఇక్కడే రోమింగ్ ఆన్ చేయించుకోండి, అక్కడికి వెళ్ళాక ఆన్ చేయడానికి కూడా ఓటీపీ కావాలి. రెండు బ్యాంకుల కార్డులు రెండు వేర్వేరు సంచుల్లో పెట్టుకోండి.

పెట్టెలో ఏం పెట్టుకోవాలి?

మలేషియా, దుబాయ్‌లలో మూడు చదునైన పిన్నుల బ్రిటిష్ ప్లగ్. థాయ్‌లాండ్‌లో వేరు. ఒక మంచి అడాప్టర్, దానికి మన ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి తగిలిస్తే చాలు, ఇంట్లో ఉన్న ఛార్జర్లన్నీ పనిచేస్తాయి. చిన్న కుక్కర్ తీసుకెళ్ళండి, చెక్-ఇన్ బ్యాగులో. ఆవకాయ కూడా అందులోనే, రెండు కవర్లు చుట్టి. నేను ఒకటే కవర్ చుట్టాను. కంపెనీ ఇచ్చిన టీషర్టులు మూడు ఇప్పటికీ ఆవకాయ రంగులోనే ఉన్నాయి.